ఆఖరి అధ్యాయం మిర్యాలగూడలో

ఫోన్ పెట్టేసినంత మాత్రాన వాదన గెలిచినట్టు కాదు. నిన్న సాయంత్రం నా స్నేహితురాలు చేసిన పని అదే. "చిన్న ఊళ్ల డిటెక్టివ్ నవలలు ఎలా చదువుతావే బాబూ? సగం పుస్తకం దాకా ఒక్క శవం లేవదు. అందరూ ఆవకాయ కలుపుకుంటూ కూర్చుంటారు" అని, నేను నోరు తెరిచేలోపు టక్కున పెట్టేసింది. మళ్లీ చేశాను. ఎంగేజ్. కావాలనే రిసీవర్ పక్కన పెట్టేసి ఉంటుంది. నేను తిప్పుతూనే ఉంటే, "ఆ ఫోన్ చెవికి కుట్టించుకో, ఓ పని అయిపోతుంది" అని మా అమ్మ వంటింట్లోంచి అరిచింది.

సరే, మాట్లాడనివ్వకపోతే రాస్తాను. రాసేటప్పుడు ఎవరూ లైన్ కట్ చెయ్యలేరు.

దానికి నచ్చే కథలేమిటో నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ అవే మింగాను. పొడుగాటి కార్లు, సొరంగాలు, ప్రతి అధ్యాయం చివరా తుపాకి చప్పుడు. దొంగ దొరుకుతాడు, జీపు వచ్చి ఎక్కించుకుపోతుంది, అక్కడితో సరి. వాడి ముఖం మళ్లీ ఎవరూ చూడక్కర్లేదు. నేను కూడా అదే గొప్పనుకున్నాను, పదో తరగతి పరీక్షలు అయిన ఎండాకాలం దాకా.

ఆ ఎండాకాలం నన్ను సూర్యాపేటలో చిన్నమ్మ ఇంటికి పంపారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. వాళ్లింట్లో ఫోన్ లేదు. ఎస్టీడీ బూత్ కావాలంటే మార్కెట్ దాటి వెళ్లాలి. వెళ్లిన కొత్తలో చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక కనపడిన వాళ్లందరి మీదా కసురుకున్నాను.

చిన్నమ్మ ఇంటర్ చదువుతుండగా పెళ్లయింది. చదువు అక్కడే ఆగింది. తెల్లారి లేస్తే బావి నీళ్లు, పొయ్యి, అత్తగారి మందులు, బాబాయి క్యారేజీ. మధ్యాహ్నం మాత్రం ఆమెది. బస్టాండు తోవలో ఒక కిరాయి పుస్తకాల దుకాణం ఉండేది. అక్కడినుంచి తెచ్చిన నవల ఆ మధ్యాహ్నం తెరిచేది. రోజు మొత్తంలో చిన్నమ్మ ముఖం వేరుగా కనపడేది ఆ కాసేపే.

ఆ చదువు ఒక్కతీ కూర్చుని చదివేది కాదు. అది చింతపండు కొట్టే కాలం. వసారాలో చింతకాయల కుప్ప పోసి, ఒక్కొక్కరి ముందు ఒక రాయి, చేతిలో చిన్న సుత్తి. ఒక దెబ్బకు గింజ ఇటు, పండు అటు. చిన్నమ్మ, ఎదురింటి టీచరమ్మ, పక్క వాటాలో కిరాయికుండే కోదాడక్క. కోదాడ నుంచి వచ్చింది గనక వాడకట్టంతా ఆమెను అలాగే పిలిచేది. ముగ్గురిలో గొంతు ఆమెదే బాగుంటుంది. అందుకని ఆమె చేతికి సుత్తి ఇవ్వకుండా పుస్తకం ఇచ్చేవారు. ఆమె వంతు చింతపండు మిగతా వాళ్లు కొట్టేవారు.

చిన్నమ్మ అత్తగారు, అంటే నేను అవ్వా అని పిలిచే ఆవిడ, గోడవైపు తిరిగి వక్కలు కత్తిరించుకుంటూ కూర్చునేది. "పగటీలి పుస్తకం సదివే ఇంట్ల లక్ష్మి నిలవదు" అని రోజూ ఒకసారి అనేది. అని, అక్కడే కూర్చునేది.

ఒక కట్టుబాటు ఉండేది. రోజుకు ఒకటే అధ్యాయం. పుస్తకం, దాన్ని చదివి వినిపించే కోదాడక్క ఇంట్లోనే ఉంటుంది కానీ ఆమె కూడా ఒంటరిగా తెరవకూడదు. అధ్యాయం అయ్యాక వామనగుంటల పీట ముందుకు లాగేవారు. పీటలో ఒక్కో గుంట కథలో ఒక్కో మనిషి. అప్పుడే తీసిన చింతగింజ ఒకటి తీసుకుని, హంతకుడు ఎవరని అనుమానమో ఆ గుంటలో వెయ్యాలి. ఊరికే వేస్తే ఒప్పుకోరు, ఎందుకో చెప్పాలి. మర్నాడు గింజ మార్చుకోవచ్చు గాని మళ్లీ కారణం చెప్పుకోవాలి.

నేను వెళ్లేసరికి నడుస్తున్న నవల ఒక చిన్న ఊరి కథ. అట్ట ఎప్పుడో పోయింది, దుకాణం ఆయన ఖాకీ అట్ట వేసి దారంతో కుట్టాడు. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన పాలు తాగి చనిపోతాడు. అల్లుడి మీద అనుమానం, కాంపౌండరు మీద అనుమానం, మేడమీద కిరాయికుండే సంగీతం మాస్టరు మీద, రోజూ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చునే దర్జీ మీద. డిటెక్టివ్ ఎవరూ లేరు. పోస్టుమాస్టరు భార్యే వాళ్లింటికీ వీళ్లింటికీ తిరిగి మాటలు వింటుంది.

మొదటిరోజే నేను గింజ తీసి కాంపౌండరు గుంటలో పడేశాను. "వీడే. విషం వీడి దగ్గరే ఉంటుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?"

చిన్నమ్మ నవ్వింది. "విషం మనింట్ల లేదా బిడ్డా? ఎలకల మందు గూట్లనే ఉన్నది. మరి నేను సంపిన్నా? మనిషెసొంటోడో సూడాలె. గా కాంపౌండరు పిల్లలకు సూది ఏసేటప్పుడు తనే కండ్లు మూస్కుంటడని రాసిండ్రు గద. గసొంటోడు సంపుతడా?"

ఆ వాక్యం నేనూ విన్నాను. విని వదిలేశాను. ఎప్పుడు శవం లేస్తుందా అని చూసేవాళ్లకు అలాంటివి ఎక్కడ వినపడతాయి?

టీచరమ్మ ఓపిక లేని మనిషి. "అక్కా, ఒక్కసారి. ఆఖరి పేజీల ఒక్క లైను సూసి ఇచ్చేస్త" అని రోజూ చెయ్యి చాచేది.

కోదాడక్క పుస్తకం వీపు వెనక దాచేది. "ముందా చేతులు చూసుకోండి టీచరమ్మా. పుస్తకాన్ని పులుసు పెట్టేలా ఉన్నారు."

పేజీ మూల ఎవరైనా మడిస్తే ఆమెకు కోపం. చదవడం అయ్యాక పుస్తకాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి, దారం కట్టి ఇంటికి తీసుకెళ్లేది, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు.

ఆమె భర్త రైసుమిల్లులో గుమస్తా. మిర్యాలగూడలో పెద్ద మిల్లులో పని దొరికింది. వెళ్లాలని అందరికీ తెలుసు గాని, అటు ఖాళీగా పోతున్న లారీ ఒకటి దొరకడంతో అనుకున్నదానికంటే ముందే ఒక పొద్దున సామాను ఎక్కించేశారు. నవలలో ఇంక ఆఖరి అధ్యాయం ఒక్కటే ఉంది.

"ఒక్క మధ్యాహ్నం ఆగితే ఈ లారీకి ఏం పోయింది?" అంటూ కోదాడక్క కళ్లొత్తుకుంది. న్యూస్‌పేపర్లో చుట్టిన పుస్తకం చిన్నమ్మ చేతిలో పెట్టింది. "మీరు చదివేసుకోండి. ఎవరు చంపారో తర్వాత చెబుదురుగాని" అంది, మా ఎవరి ముఖమూ చూడకుండా. లారీ వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లు ఎవరికీ చదవబుద్ధి కాలేదు. పుస్తకం అలాగే గూట్లో ఉండిపోయింది. ఒకరోజు టీచరమ్మ పోరు పడలేక చిన్నమ్మే తీసింది. పైన చుట్టిన పేపరు లేదు. వెనక్కి తిప్పి చూస్తే ఆఖరి అధ్యాయం కూడా లేదు. కుట్టు పక్కనుంచి నున్నగా కోసిన గుర్తు.

దుకాణం ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇచ్చేటప్పుడు ఆకులన్ని సూసే ఇస్త చెల్లె. ఆఖరు లేని డిటెక్టివ్ పుస్తకం తల లేని మొండెం లెక్క. ఎవలు తీస్కపోతరు? ఆ ఆకులు దొరికేదాక మీ ఇంటికి పుస్తకాలు బంద్."

ఊళ్లో వేరే దుకాణం లేదు. చిన్నమ్మ ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుంది. ఎండలో కొంగు తల మీదికి లాక్కుని నడిచింది. ఆ మధ్యాహ్నం చింతపండు కొడుతూ బొటనవేలి మీద కొట్టుకుంది. "నొప్పా చిన్నమ్మా?" అంటే, "ఏంలేదు తియ్" అంది. పుస్తకం లేని వసారాలో సుత్తుల చప్పుడు ఒక్కటే వినపడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

నేను ఊరుకునే రకమా? ఆధారాలు వెతికాను. పైన చుట్టిన న్యూస్‌పేపరు పెరట్లో దొరికింది, దాని మీద అవ్వ వక్కలు ఎండుతున్నాయి. పుస్తకం పెట్టిన గూట్లోనే అవ్వ అడకత్తెర. పుస్తకాలంటే ఆవిడకు పడదని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇంకేం కావాలి?

"అవ్వా, కాగితం విప్పింది నువ్వే కదా?"

"నేనే. వక్కలు ఎండబోసెటందుకు తీసిన. అయితే?"

"మరి లోపలి పేజీలు ఏం చేశావు?"

"నేనేం జేస్కుంటనే పేజీలు? నెత్తికి సుట్టుకుంటనా?"

"చిన్నమ్మ చదవడం నీకిష్టం లేదు. అందుకే కోసేశావు."

అవ్వ నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అడకత్తెర నడుమున దోపుకుని లోపలికి పోయింది. ఆ పూట అన్నానికి రాలేదు. చిన్నమ్మ పళ్లెం పట్టుకుని వెళితే, "దొంగలకు బువ్వెందుకు?" అంది.

మర్నాడు మధ్యాహ్నం వామనగుంటల పీటను అవ్వే ఎత్తుకొచ్చి మా మధ్యలో ఠక్కున పెట్టింది.

"కథల మనుషులకే పెడ్తరా గింజలు? మాకు గూడ పెట్టుండ్రి. మొదటి గుంట నాది. మీ అందరి కండ్లు నా మీదనే ఉన్నయ్ గద. తర్వాతది టీచరమ్మది. గాడ మూలకున్నది ఈ పట్నం పోరిది. ఎయ్యుండ్రి, సూస్త."

నేను ఆలస్యం చెయ్యలేదు. గింజ అవ్వ గుంటలో వేశాను. కాగితం, అడకత్తెర, కోపం, మూడూ చెప్పాను. టీచరమ్మ నసిగింది. "అవ్వా, నువ్వు కావాలని జేసినవని కాదు. కోపంల ఎప్పుడన్న..." అంటూ తన గింజ కూడా అక్కడే వేసి తల దించుకుంది.

చిన్నమ్మ తన గింజను వేళ్ల మధ్య తిప్పుతోంది. అవ్వ ఆ చేతినే చూస్తోంది. అప్పుడు నాకు మొదటిసారి అనిపించింది, ఇది పేజీల సంగతి కాదని. ఈ గింజ ఎక్కడ పడితే అక్కడినుంచి ఈ అత్తాకోడళ్లు ఒకే ఇంట్లో బతకాలి.

"మా అత్త గాదు" అంది చిన్నమ్మ.

"ఎందుకు?" అన్నాను నేను. కారణం చెప్పాలి కదా.

"మా అత్తకు సగం పని చేతగాదు. కోపమొస్తె పుస్తకం మొత్తం పొయ్యిల పెడ్తది. పెట్టి, అవ్ పెట్టిన అని వాకిట్ల నిలబడి వాడకట్టంత ఇనబడేటట్టు జెప్తది. సప్పుడు గాకుండ కుట్టు పక్కపొంటి సక్కగ కోసుడు మా అత్త వల్ల గాదు."

అవ్వ కొంగు సర్దుకుంది. "గది మాత్రం నిజం" అంది గోడకేసి చూస్తూ.

"టీచరమ్మా, నువ్వు గాదు. ఆఖరు తెలిసినంక మాకు జెప్పకుంట పొద్దుమీకిందాక ఉండలేవు. కడుపుబ్బుతది నీకు."

టీచరమ్మ కోపం తెచ్చుకోబోయి నవ్వేసింది.

"ఇది దాచే మనిషి గాదు, అరిసే మనిషి" అని నన్నొక్క మాటలో తేల్చేసింది. "కోసిన తీరు సూడుండ్రి. ఒక్క అక్షరం పోలే. పుస్తకమంటె పానమున్నోళ్లే గంత సక్కగ కోస్తరు."

ఎవరి గురించి చెబుతోందో అర్థమై నేను ఎగిరిపడ్డాను. "కోదాడక్కా? పేజీ మడిస్తేనే కొట్టేంత పని చేసేది! తనొక్కతే చదువుకోవాలని కోసుకుపోయిందంటావా?"

"ఒక్కతె సదువుకునేటందుకు గాదే. ఆమె ఎన్నడన్న ఒక్కతె ఏమన్న తిన్నదా? ఒక్క జామకాయ దొరికితె నాలుగు ముక్కలు జేసి ఇంటింటికి తెచ్చిచ్చేది. గసొంటామెను ఆఖరి బంతికి లేకుండ లారీ ఎక్కించిండ్రు. తను లేకుండ మనం తినొద్దని ఇస్తారి ఎత్తుకపోయింది. అంతే."

చిన్నమ్మ గింజను ఎవరికీ పేరు పెట్టని గుంటలో వేసింది. అవ్వ కుప్పలోంచి తనూ ఒక గింజ ఏరి అదే గుంటలో వేసింది. ఆవిడ గింజ వెయ్యడం అదే మొదలు.

"పొద్దుగాల బస్సుకు మిర్యాలగూడ పోయొస్తం అత్తా" అంది చిన్నమ్మ మెల్లిగా.

"నేనొస్త."

"నీకెందుకు ఎండల?"

"పోస్టుమాస్టర్ను ఎవడు సంపిండో నాకు తెల్వద్దా? ఎండాకాలమంత ఇని ఇని, ఆఖర్కి నన్ను ఇడిసిపెట్టి పోతరా?"

గోడవైపు తిరిగి కూర్చున్న వీపుకు ఇన్నాళ్లూ చెవులున్నాయని మాకెవరికీ తట్టలేదు. ముందు టీచరమ్మ నవ్వింది, తర్వాత ఆపుకోలేక అందరం నవ్వాం. అవ్వ మాత్రం వక్కలు కత్తిరించుకుంటూనే ఉంది.

మిర్యాలగూడలో బస్సు దిగగానే ఉడికిన వడ్ల వాసన. ఊక దుమ్ము చెట్ల ఆకుల మీద, రేకుల మీద, మా చెమట మీద. మిల్లుల ముందు లారీల వరస. కోదాడక్క వాళ్లకు మిల్లు ప్రహరీ పక్కనే ఒక గది ఇచ్చారు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"ఇంత ఆలస్యమా? లారీ దిగిన మర్నాటి నుంచీ బస్సు చప్పుడైతే గుమ్మంలోకి వస్తున్నా" అంది. లోపలికి పోయి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ కవర్లో మడిచిన పేజీలు బయటికి తీసింది. "చదవలా. ఒట్టు. మడత కూడా విప్పలా."

మడత నిజంగానే విప్పలేదు. కవరు బియ్యప్పిండి అంటి తెల్లగా ఉంది.

"నీ పుణ్యాన నన్ను దొంగను జేసింది ఈ పట్నం పోరి" అంది అవ్వ మంచం మీద కూర్చుంటూ.

కోదాడక్క ముఖంలో నవ్వు పోయింది. "మిమ్మల్నా? అయ్యో అత్తమ్మా! నన్ను తిట్టుకుంటూ నా దగ్గరికే వస్తారనుకున్నా గాని, ఒకళ్లనొకళ్లు అనుకుంటారని నాకు తోచలేదు." అవ్వ రెండు చేతులూ పట్టుకుంది.

"తిట్టుడు తర్వాత. ముందు సదువు. మిల్లు సప్పుడుకు ఇనబడదు, జర గట్టిగ సదువు."

చదివింది. పోస్టుమాస్టరును చంపింది దర్జీ. రోజూ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పే స్నేహితుడే. ఎప్పుడో ఒక పెళ్లి పందిట్లో నలుగురి ముందు పోస్టుమాస్టరు అతని పనితనం మీద ఒక మాట అని నవ్వాడట. అన్న మనిషి మర్చిపోయాడు, పడ్డ మనిషి మర్చిపోలేదు. మేమెవరమూ అతని గుంటలో గింజ వెయ్యలేదు.

"నాకు ఎర్కనే" అంది అవ్వ. "ఆయన సచ్చిన కాడికెల్లి ఆ దర్జీ ఒక్కసారన్న ఆ అరుగు దిక్కు సూసిండా?"

"మరి ఎన్నడు గింజ ఎయ్యకపోతివి?" అంది టీచరమ్మ.

"నన్నెవలడిగిండ్రు?"

అందరం నవ్వాం గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. దర్జీ దొరికాడని ఎవరికీ సంతోషంగా లేదు. "ఆ మాటేదో అన్ననాడే ఎదురు తిట్టి పారేస్తె పోయేది" అంది చిన్నమ్మ. కోదాడక్క లేచి వంట మొదలుపెట్టింది. కొత్త బియ్యం, పప్పు, చింతకాయ తొక్కు. మొదటి పళ్లెం అవ్వకు పెట్టింది. అవ్వ తిన్నది. "ఉప్పు తక్కువైంది" అని కూడా అంది. ఆ మాటతో కోదాడక్క ముఖం మామూలైంది.

వెలుతురుండగానే తిరిగి బస్సెక్కాం. మర్నాడు చిన్నమ్మ పేజీలను సూదీ దారంతో యథాస్థానంలో కుట్టి దుకాణానికి తీసుకెళ్లింది. ఆయన కుట్టు మీద వేలితో తడిమి చూశాడు.

"ఏడ దొరికినయ్ చెల్లె?"

"చుట్టాలింటికి పోయినయ్ అన్నా. తోల్కొచ్చినం."

 ఆయన అరలోంచి ఇంకో పుస్తకం తీసి ఇచ్చాడు. చిన్నమ్మ దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టుకుని గబగబా నడుస్తుంటే, ఆ ఎండలో నేను వెనకపడిపోయాను.

ఆ పుస్తకాన్ని ఆఖరి అధ్యాయానికి ముందు ఆపేశారు. ఎవరూ చెప్పలేదు, టీచరమ్మ కూడా గొణగలేదు. ఆఖరిది మిర్యాలగూడలో చదివారు. తర్వాత వచ్చినవీ అంతే. ఇప్పుడు దుకాణం ఆయనే, "ఇది మిర్యాలగూడ పొయ్యే పుస్తకమేనా?" అని అడిగి కాస్త ఎక్కువ గడువు ఇస్తాడట. అవ్వ ఇప్పుడు గోడవైపు కాదు, పీటవైపు తిరిగి కూర్చుంటోందట. మొన్న చిన్నమ్మ బూత్ నుంచి చేసి చెప్పింది. ఆ రోజు కూడా ఫోన్ నా చేతిలోనే ఉంది, మోగీ మోగకముందే ఎత్తాను.

కాబట్టి నా స్నేహితురాలికీ, దాని పక్షాన ఉన్న మీకూ చెబుతున్నాను. జీపు ఎక్కించి పంపేస్తే ముగిసిపోయే దొంగను ఎవరైనా పట్టుకుంటారు. ఆ దొంగ మన పక్కింటామె అయి, పట్టుబడ్డాక మనకే అన్నం వండిపెడితే, మనం నిందవేసిన మనిషి ఆ అన్నం తిని ఉప్పు తక్కువైందని చెబితే, అంతకంటే ఊపిరి బిగబట్టి చదవాల్సింది మీ తుపాకుల పుస్తకాల్లో ఒక్క పేజీ ఉందా? ఉంటే ఫోన్ పెట్టెయ్యకుండా, ఏ పేజీయో చెప్పగలరా?